మొండయ్య చంకలో పది జిల్లాలు

మా మొండయ్య తన చంకలను ఎన్నడూ దాచుకోలేదు. చెమట పట్టని మనిషి కూడా మర్యాద కోసం దాచుకునే చోటు అది. మొండయ్యకు ధారగా కారేది. అయినా చేతులు ఎత్తే ఉంచేవాడు. ఒక చేయి బస్సు పైకడ్డీ మీద, ఇంకో చేయి గంట తాడు మీద. మరి టికెట్లు ఏ చేత్తో ఇచ్చేవాడని అడక్కండి. ఇచ్చేవాడు. ఇచ్చిన మరుక్షణం ఆ చేయి మళ్ళీ పైకి పోయేది.

నేను ఆయన బస్సు డ్రైవర్‌ని. పేరు ఐలేశ్, ఊరు లింగాల ఘనపూర్. మానుకోట నుంచి తొర్రూరు, పాలకుర్తి మీదుగా జనగామకు నడిచే పల్లెవెలుగు మాది. డ్రైవర్‌కు లోకం రెండు ముక్కలు. ముందు రోడ్డు, నెత్తి మీద అద్దం. అద్దంలో కనిపించే మనుషుల మీద నాకు పెద్ద గౌరవం లేదు. నోరు తెరిచి నిద్రపోయేవాళ్ళు, మూడు సీట్లకు ఒకే మూట అడ్డం పెట్టేవాళ్ళు, దిగాల్సిన ఊరు దాటాక అరిచేవాళ్ళు, అందరూ అందులోనే కనిపిస్తారు. వీళ్ళందరి నడుమ, సరిగ్గా అద్దం మధ్యలో, మొండయ్య చంక. ఏళ్ళ తరబడి ఆ చంక పక్క సందులోంచే చూసి నేను వెనక లారీలకు దారి ఇచ్చాను.

పొద్దున ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాతో ఎక్కేవాడు. తొర్రూరు వచ్చేసరికి బాదమాకంత తడి. పాలకుర్తి దాటేసరికి విస్తరంత. జనగామలో దిగేసరికి నడుము దాకా. మధ్యాహ్నం ఆరిపోయి చుట్టూ తెల్లటి ఉప్పుగీతలు తేలేవి. వాసన మాత్రం ఉండేది కాదు, అది ఒప్పుకోవాలి. రెండు పూటలా వేపాకు నీళ్ళ స్నానం. ఆయన భార్య భద్రమ్మ ఆ విషయంలో మా డిపో మేనేజర్ కంటే కఠినం.

కింద సీట్లో కూర్చున్న ముసలవ్వ ఎవరో ఒకరు రోజూ అడిగేది.

“కండక్టర్ సారూ, జర చెయ్యి దించరాదు.”

“ఎందుకవ్వా?”

“కారవట్టె.”

“మీ ఊర్ల బోర్లు ఎండినయని నువ్వే అంటివి గద. ఉచితంగ నీళ్ళొస్తుంటె వద్దంటవేంది?”

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మొండయ్య చేయి అంగుళం కూడా కిందికి వచ్చేది కాదు.

రాష్ట్రం కోసం ఉద్యమం ఊపందుకున్నాక ఆ ఉప్పుగీతలకు రాజకీయ ప్రాధాన్యం వచ్చింది. ఒకరోజు బస్టాండు చాయ్ హోటల్లో మొండయ్య కుడిచేయి పైకెత్తి, ఎడమచేతి వేలితో చూపిస్తూ పాఠం మొదలుపెట్టాడు.

“గిదిగో, పైన గిది ఆదిలాబాద్. గిటు మన వరంగల్ జిల్లా. గీ మూలకు గుంజుకపోయింది ఖమ్మం. నడుమల గీ కుట్టు ఊడిన కాడ పట్నం. పదికి పది జిల్లాలున్నయి, లెక్క సూస్కోండ్రి. ఢిల్లీల బిల్లు పెడ్తలేరు గని నా చంకల ఎప్పుడో పాసైంది.”

“మరి ఎడమ చంకల ఏమున్నదే మొండన్నా?” అని ఎవరో అడిగారు.

“దాని మీద ఇంక కమిటీ కూసున్నది.”

అప్పటి నుంచి ఆయన బస్సు దిగగానే జనం మొదట అడిగేది ఆ చంకలోని పటం గురించే. ఇయ్యాల నక్ష ఎట్లున్నది? నల్గొండ జర లోపలికి పోయిందని ఒకడు, పాలమూరుకు నీళ్ళు ఎక్కువైనయని ఒకడు. కాగితం మీద పటం గీసి ఊరేగించిన నాయకులకు కూడా ఇంత ఆదరణ లేదు.

ఒకసారి చెకింగ్ అధికారి బస్సెక్కాడు. కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి, మా వైపు వాడు కాదు. టికెట్లన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇక చూడ్డానికి మొండయ్య తప్ప ఏమీ మిగల్లేదు.

“ఏంటయ్యా ఆ అవతారం? ప్రయాణికులు ఏమనుకుంటారు?”

“ఏమనుకుంటరు సార్? కండక్టర్ పని చేస్తున్నడనుకుంటరు.”

“ముందు చేతులు దించి నిలబడు.”

“దించితె గీ బస్సు బ్రేకుకు మీ మీదనే పడ్త సార్.”

“‘గీ’ ఏంటి? ‘ఈ’ అనలేవా?”

“అంటె చెమట తగ్గుతదా సార్?”

అద్దంలో ఆయన ముఖం ఎర్రబడటం నాకు కనిపించింది. “మెమో ఇస్తాను” అన్నాడు.

“ఇయ్యుండ్రి. గని ఏం రాస్తరో జర సదివి వినిపియ్యుండ్రి. టికెట్ కొట్టలేదని రాస్తరా? మంది మీద ఒర్రిండని రాస్తరా? చెమట పట్టిందని రాస్తరా? చెమట పట్టుడు తప్పయితె ముందుగాల గీ బస్సుకియ్యాలె మెమో. ఒక్క కిటికి తెరుసుకోదు.”

వెనక సీట్లోంచి ఒక అవ్వ లేచి నిలబడింది. “నాకు గూడ ఒకటి రాయి సారూ. నాకు గూడ పట్టింది.” దాంతో బస్సంతా తలా ఒక మెమో అడిగింది. ఆయన తర్వాతి స్టేజీలో దిగిపోయాడు. దిగేటప్పుడు చూశాను, ఆయన వీపు కూడా తడిసే ఉంది. పాపం, మెమో రాసుకోవడానికి ఆయనకు ఇంకో అధికారి కావాలి.

మొండయ్య పుట్టుకతోనే ఇట్లాంటి వాడని నేను అనుకునేవాణ్ణి. కాదని భద్రమ్మ వదినె చెప్పింది. ఆయనది టేకుమట్ల. ఉద్యోగంలో చేరిన కొత్తలో మోచేతులు పక్కటెముకలకు అంటించుకుని, చలికి ముడుచుకున్న కోడిపిల్లలా నడిచేవాడట. పటిక రుద్దాడు. నిమ్మచెక్క రుద్దాడు. పౌడరు చల్లితే మధ్యాహ్నానికి అది ముద్దయి, ఇడ్లీపిండిలా జారింది. బనీను మీద బనీను వేస్తే బనీన్లకూ చెమట పట్టింది. వదినె పాత ధోవతి చింపి, అర్ధచంద్రాల్లాగా మడతలు కుట్టి చొక్కాల లోపల పెట్టింది. అవి ఒకపూట ఆగేవి. చివరికి ఎవడో పుణ్యాత్ముడు నీళ్ళు తాగకపోతే చెమట రాదని చెప్పాడు. మొండయ్య నిండు ఎండాకాలంలో నీళ్ళు మానేసి, మధ్యాహ్నం ట్రిప్పులో టికెట్ చింపుతూ చింపుతూ కుప్పకూలాడు.

ఆ కథ మాత్రం నాకు మొండయ్యే చెప్పాడు.

“రోడ్డు మీద పండవెట్టిండ్రు తమ్మీ. గాలి తగలాలని రెండు చేతులు ఇటొకటి అటొకటి సాపిండ్రు. బస్సుల మంది అంత సుట్టు నిలవడి నా చంకలే సూస్తున్నరు. పానం పోతె మంచిగుండుననుకున్న.”

“పోలేదు గదనే.”

“పోలే. మరి గంత మంది సూసిండ్రు గద, సూసి ఏం చేసిండ్రు? ఒకామె మజ్జిగ తాగిచ్చింది. ఒకాయన తువ్వాలతోని విసిరిండు. గంతే. పదేండ్ల సంది దాసుకుంటె, సూసినోళ్ళు మజ్జిగ తాగిచ్చిండ్రు. గా దినం ఎత్తిన చెయ్యి, మల్ల దించలే.”

సరే, మనిషి దించకపోయినా చెమట దిగింది. అది కూడా చెప్పాలి. ఒక ఎండాకాలం ఉన్నట్టుండి ఆయన చంకలు పొడిగా కనిపించడం మొదలైంది. అద్దంలో చూసి నాకు పరాయి కండక్టర్ ఎక్కాడేమోనన్న అనుమానం వచ్చింది. వదినె పోరు పడలేక వరంగల్‌లో చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్ళాడట. కొందరికి చెమట గ్రంథులు మరీ హుషారుగా పనిచేస్తాయని, అందులో సిగ్గుపడేది ఏమీ లేదని ఆ డాక్టర్ చెప్పి, ఒక నీళ్ళమందు రాసిచ్చాడు. పడుకునేముందు పొడి ఒంటికి రాసుకోవాలి, పొద్దున్నే కడుక్కోవాలి. అదీ వైద్యం. చాయ్ హోటల్ మాత్రం బోసిపోయింది.

“నక్ష ఏదే మొండన్నా?”

“ఢిల్లీకి తోలిన. దస్కతు చేసి తోల్తమన్నరు.”

చేతులు మాత్రం ఎత్తే ఉంచాడు. పొడి చంకలను చూపించడానికి కూడా అంత పట్టుదల అవసరమా అని నేను విసుక్కున్నాను.

ఆ ఏడే చలికాలంలో మా డిపోకు రాజీ అనే అమ్మాయి కండక్టర్‌గా వచ్చింది. మానుకోట అవతల తండా వాళ్ళది. ఆ తండాలో ఖాకీ కోటు వేసుకుని జీతం తెచ్చిన మొదటి ఆడపిల్ల. తండ్రి రాంజీ, ఎక్కే పని లేకపోయినా, రోడ్డు మీదికి వచ్చి చేయి ఊపి బస్సు ఆపేవాడు. బిడ్డను ఒకసారి చూసుకుని, ఇక పొమ్మని డ్రైవర్‌కు తానే సైగ చేసేవాడు. ఆయన ఆపిన చోటే చివరికి స్టేజీ అయింది.

రాజీ మంచి పనిమంతురాలు, కానీ ఆమె పద్ధతులు వేరు. గంట తాడు పట్టుకునేది కాదు. ఈల ఊదేది. పైకడ్డీ ముట్టేది కాదు. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడు సీటు మూలలకు ఆనుకుని, పడీ పడకుండా టికెట్లు కొట్టేది. నడి ఎండాకాలంలో కూడా ఖాకీ కోటు మీద తువ్వాల కప్పుకునేది. పొగరు అన్నారు కొందరు. సిగ్గు అన్నారు కొందరు. నేను ఏమీ అనలేదు. ఆమె ఎక్కేది వేరే బస్సు, నా అద్దంలో లేదు.

విచిత్రం ఏమిటంటే, రాజీ వచ్చిన వారం తిరక్కుండా మొండయ్య చంకలు మళ్ళీ తడిశాయి. అది కూడా ఎముకలు కొరికే చలిలో. ప్రయాణికులు చెవులకు మఫ్లర్లు చుట్టుకుని గజగజలాడుతుంటే మా కండక్టర్ నడుము దాకా తడిసి నిలబడేవాడు.

“మందు పని చేస్తలేదానే?” అని అడిగాను.

“చేస్తది.”

“మరి గిదేంది?”

“గిది నా చంక తమ్మీ. నువ్వు రోడ్డు సూడు.”

ఇంకో మార్పు కూడా గమనించాను. ఈ మనిషికి తన చంకల మీద కొత్తగా పేరాశ పుట్టింది. డిపోలో రాజీ కూర్చున్న బెంచీ మీదనే కూర్చునేవాడు. ఎవరి చూపు అటు మళ్ళినా ఠక్కున రెండు చేతులూ ఎత్తేవాడు. ఒకసారి చాయ్ హోటలాయన, “ఏంది బిడ్డా, కోటంత తడిసింది, వాన్ల...” అని రాజీని అడగబోయాడు. మాట పూర్తికాకముందే మొండయ్య ఇద్దరి మధ్యకు చంక తెచ్చాడు.

“గిటు సూడు, గిటు సూడు. ఇయ్యాల గోదావరి పొంగింది.”

హోటలంతా ఆయన చుట్టూ మూగింది. రాజీ చాయ్ సగంలో వదిలి బయటికి పోయింది. నాకు ఒళ్ళు మండింది. తన చంక మీద తప్ప ఇంకొకరి మీద చూపు పడినా ఓర్వలేడు, ఇంత స్వార్థం ఎక్కడా చూడలేదని అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఆ సాయంత్రం ఆయనతో మాట్లాడలేదు. ఆయన దాన్ని గమనించలేదు.

తర్వాత ఒక పొద్దున, అద్దంలో నేను చూడకూడనిది చూశాను. బస్సు ఇంకా ఖాళీగా ఉంది. మొండయ్య చివరి సీటు వెనక నిలబడి, సీసా మూత తీసి, మెడ ఒక పక్కకు వంచి, తన చంకలో తానే నీళ్ళు పోసుకుంటున్నాడు. కుడివైపు అయ్యాక ఎడమవైపు. చలికి పళ్ళు పటపటమంటున్నాయి. అయినా చక్కగా, మొక్కకు పోసినట్టు పోసుకున్నాడు.

నేను వెనక్కి తిరిగాను. “ఏం చేస్తున్నవే?”

“తాగుతున్న.”

“నోరు గా చోట ఎప్పుడొచ్చిందే నీకు?”

“ఐలేశూ, ఉద్యమంల ఉన్నం. అన్ని అందరికి చెప్పుడు ఉండదు.”

ఉద్యమానికీ చంకలో నీళ్ళకూ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు. నక్ష పోతే తన గిరాకీ పోతుందని భయపడుతున్నాడని తేల్చుకున్నాను. జనం చూపుల పిచ్చి పట్టిన మనిషికి ఇది కూడా ఒక జబ్బే కాబోలునని జాలిపడి ఎవరికీ చెప్పలేదు.

ఇట్లా ఉండగా సకల జనుల సమ్మె వచ్చింది. ఊళ్ళో బడులు మూతపడుతున్నాయి, ఆఫీసులు మూతపడుతున్నాయి. బస్సులు ఆపాలా వద్దా అని మా డిపోలో గేటు మీటింగ్ పెట్టారు. గేటు మీటింగ్ అంటే తొలి బస్సు బయటికి పోకముందు డిపో గేటు దగ్గర జరిగే సభ. వేదిక ఉండదు. పాత టైర్ల కుప్ప ఉంటుంది. నాయకుడు దాని మీదికి ఎక్కుతాడు, మిగతావాళ్ళం రెండు చేతులూ ఎత్తి తీర్మానం చేస్తాం. కాగితాలు, సంతకాలు తర్వాత. ఎత్తిన చేయే ఓటు.

మా యూనియన్ నాయకుడు బలరాం. మంచివాడే కానీ మైకు చేతికి వచ్చిందంటే ఆయనకు ద్రోహులు కనిపించేవారు. మీటింగ్ ముందురోజు చాయ్ తాగుతూ నా పక్కకు జరిగాడు. మొండయ్య ఎదురు బెంచీ మీద ఉన్నాడు, యథాప్రకారం చేతులు పైన.

“ఐలేశూ, గా తండా పిల్లను సూసినవా? ఏ మీటింగ్ల గూడ చెయ్యెత్తదు. జై తెలంగాణ అన్నప్పుడు సుత పెదిమెలు కదుల్తయి గని చేతులు లేవయి.”

“లేవకుంటె ఏమాయె?”

“ఏమాయె అంటవేంది? మనోళ్ళ వైపు లేదన్నట్టే గద. రేపు గూడ ఎత్తకుంటె మైకులనే పేరు చెప్త, ద్రోహి అని. బస్టాండ్ల అందరికి తెలువాలె.”

మొండయ్య గ్లాసు కింద పెట్టాడు. “ఒక్కనాడు డ్యూటీ ఎగ్గొట్టలే. ఎవ్వలతోని లొల్లి లేదు. ద్రోహం యాడ కనవడ్డది నీకు?”

“మరి చెయ్యెందుకెత్తదన్నా? గదేమన్న బరువా?”

“బరువే” అన్నాడు మొండయ్య. ఆయన నవ్వకుండా మాట్లాడటం నేను అదే మొదటిసారి చూశాను.

ఆ సాయంత్రం రాజీ మా బస్సు దగ్గరికి వచ్చింది. బలరాం మాట ఆమె చెవిన పడినట్టుంది. తువ్వాల గట్టిగా చుట్టుకుని, నేల చూస్తూ మాట్లాడింది.

“మొండన్నా, నేను నౌకరి ఇడిసిపెడ్త. బాపుతోని పత్తి ఏరుకుంట.”

“ఎందుకు బిడ్డా?”

“నాకు మీటింగులు పడయి.”

“తెలంగాణ వద్దా నీకు?”

ఆమె చివ్వున తలెత్తింది. “వద్దని ఎవలన్నరన్నా? మా తండల అందరికంటె ముందుగాల జెండ గట్టింది నేనే.” తర్వాత తన ఇంటి మాటలో ఏదో గొణుక్కుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రోడ్డు మీద నిలబడి బస్సు ఆపే రాంజీ నాకు గుర్తొచ్చాడు. రేపటి నుంచి ఆయన ఎవరిని చూసుకోవడానికి ఆపుతాడు?

“రేపొక్కనాడు రా బిడ్డా. ఎల్లుండి నీ ఇష్టం” అన్నాడు మొండయ్య.

మర్నాడు తెల్లవారుతుండగానే డిపో నిండిపోయింది. ఉక్కపోత. ఒకరి భుజం ఒకరికి తగులుతోంది. టైర్ల కుప్ప మీద బలరాం, చేతిలో మైకు. రాజీ అందరికంటే వెనక, గోడకు ఆనుకుని నిలబడింది. చేతులు పక్కటెముకలకు అంటించుకుని ఉంది. ఆ నిలబడే తీరు గురించి నేను ఎక్కడో విన్నాను. చలికి ముడుచుకున్న కోడిపిల్ల అని వదినె చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది, కానీ నా బుర్ర డీజిల్ ఇంజను లాంటిది, వేడెక్కడానికి టైం పడుతుంది.

మొండయ్య ఎక్కడా కనిపించలేదు. తీర్మానం రోజున, చేతులెత్తడమే పనిగా పుట్టిన మనిషి, లేడు.

బలరాం ఉపన్యాసం ముగించి, “సమ్మెకు సిద్ధమైనోళ్ళందరు రెండు చేతులు ఎత్తుండ్రి” అన్నాడు. చేతులన్నీ లేచాయి. బలరాం అందరి తలల మీదుగా వెనక్కి చూశాడు. మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

“రాజీ, నీ చేతులేవి?”

డిపో మొత్తం వెనక్కి తిరిగింది. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. చేయి కొద్దిగా కదిలింది, మళ్ళీ పక్కకు అతుక్కుంది. బలరాం ఊపిరి పీల్చుకుని మైకులో తర్వాతి మాట అనబోయాడు.

ఆ మాట మాకు వినిపించలేదు. ముందు మైకు కుయ్యిమంది. తర్వాత బలరాం కుయ్యిమన్నాడు. బస్సులు కడిగే పైపు నీళ్ళధార ఆయన ఛాతీకి సూటిగా తగిలింది. పైపు ఈ చివర మొండయ్య ఉన్నాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి.

“ఏందే మొండన్నా గిది, పిచ్చి లేసిందా?”

“సమ్మెకు పోతున్నం బలరామా. తానం చెయ్యకుంట పోతవా?”

పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి పైకి ఎత్తాడు. నీళ్ళు వానలాగా అందరి మీదా పడ్డాయి. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, గేటు కాపలావాడు, ఎవరినీ వదల్లేదు. కొందరు తిట్టారు, కొందరు సబ్బు అడిగారు. నేను బస్సు చాటుకు పరుగెత్తబోతే నన్ను వెతికి మరీ తడిపాడు. గోడ దగ్గర కూడా వాన పడింది. రాజీ తువ్వాల, కోటు, అన్నీ తడిసి బరువెక్కాయి.

ఒక్క నిమిషంలో డిపో అంతా ఒకే రంగు. తడిసిన ఖాకీలో ఏది చెమటో, ఏది పైపు నీళ్ళో, ఏ చెకింగ్ అధికారీ చెప్పలేడు.

మొండయ్య పైపు కింద పడేసి, తన రెండు చేతులూ ఎత్తాడు. ఎటూ చూడలేదు. రాజీ వైపు అసలే చూడలేదు.

“ఇగ ఎత్తుండ్రి” అన్నాడు.

అప్పుడు వెనక నుంచి వినిపించింది, జై తెలంగాణ అని. ఈలతో తప్ప మాట్లాడని పిల్లకు అంత గొంతు ఉందని ఎవరికి తెలుసు? తిరిగి చూస్తే రాజీ రెండు చేతులూ నిటారుగా ఆకాశంలోకి ఎత్తి ఉన్నాయి. తువ్వాల కాళ్ళ దగ్గర పడి ఉంది. బలరాం నీళ్ళు కారుతున్న మైకు పట్టుకుని, ద్రోహి అనడానికి తెరిచిన నోటితో జై కొట్టాడు. అందరికంటే ఆలస్యంగా చేయి ఎత్తింది నేనే. నా ఇంజను అప్పుడే వేడెక్కింది. చలికాలపు సీసా, బెంచీ, చాయ్ హోటల్లో అడ్డం వచ్చిన చంక, అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందు నిలబడ్డాయి. ఇంత మంచి మనిషిని పక్కన పెట్టుకుని, స్వార్థపరుడని అలిగి కూర్చున్న నా తెలివికి నాకే నవ్వొచ్చింది.

సమ్మెలో రోడ్డు మీదే వంటావార్పు. డిపో ముందు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించారు. భద్రమ్మ వదినె పప్పు తిప్పుతుంటే పక్కకు వెళ్ళి కూర్చున్నాను.

“వదినే, అన్నకు చెమట మల్ల ఎప్పటి సంది?”

“యాడి చెమట? గా మందుతోని ఎప్పుడో బందాయె. గీ పిల్ల డిపోకు వచ్చిన దినం ఇంటికొచ్చి, నాలెక్కనే ఇంకొకలున్నరే అన్నడు. పోయి ఆడివిల్లను నీకు చంకల చెమటనా అని అడుగుతడా? నన్ను తోలిండు. నేనడిగితె నాకేం లేదక్కా అని ఏడ్సుకుంట పోయింది. మర్నాటి సంది సీసల నీళ్ళు నింపుకపోవుడు మొదలువెట్టిండు. మంది నన్నే సూడనీ అన్నడు. దినాం ఒక అంగీ పిండి పిండి నా చేతులు వాసినయి.”

తిట్టినట్టే చెప్పింది కానీ గంటె తిప్పే చేతిలో గర్వం కనిపించింది. పప్పు దింపి, ఆమె రాజీని టెంటు వెనక్కి పిలుచుకుపోయింది. కొంగు కింద ధోవతి గుడ్డ మడతలు, మందు సీసా ఉన్నాయి. ఈసారి ఆ అమ్మాయి నాకేం లేదని అనలేదు. చాలాసేపటికి ఇద్దరూ నవ్వుకుంటూ వచ్చారు. మొండయ్య ఆ వైపు చూడకుండా, విస్తరాకుల మీద అన్నం వడ్డిస్తున్నాడు.

రాష్ట్రం వచ్చింది. దస్కతు అయిన నక్ష ఢిల్లీ నుంచి చేరిందని మొండయ్య చాయ్ హోటల్లో ప్రకటించాడు. రాజీ గంట తాడు లాగి లాగి, డిపోలో అందరికంటే ఎక్కువ తాళ్ళు తెంపిన కండక్టర్‌గా పేరు తెచ్చుకుంది. రాంజీ ఇప్పటికీ బస్సు ఆపుతాడు. లోపలి నుంచి రాజీ కడ్డీ పట్టుకుని, రెండో చేయి ఊపుతుంది.

మొండయ్య రిటైరయిన ఏడాది దసరాకు కొత్త జిల్లాలు వచ్చాయి. వరంగల్ జిల్లా అని ఒకే పేరు చెప్పుకున్న మేము ముగ్గురం మూడు జిల్లాల వాళ్ళమయ్యాం. నాది జనగామ, రాజీది మహబూబాబాద్, అంటే మా మానుకోట, ఆయన టేకుమట్ల భూపాలపల్లిలోకి పోయింది. ఆ తర్వాత, ఆయనను సాగనంపే చివరి ట్రిప్పు నాడు బస్సుకు మామిడాకులు కట్టాం, బంతిపూలు కట్టాం. కండక్టర్ రాజీ, డ్రైవర్ నేను. మొండయ్య జీవితంలో మొదటిసారి ప్రయాణికుడిగా డిపోకు వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. ఇస్త్రీ చొక్కా, పొడి చంకలు, కిందికి దించిన చేతులు. ఆ దించిన చేతులు చూసి నాకు దిగులేసింది.

“ఏందే, పరేషాన్ల ఉన్నవు?” అన్నాను.

“జిల్లాలు ముప్పై ఒక్కటి చేసిండ్రు తమ్మీ. నా రెండు చంకలల్ల యాడ వడ్తయి?”

నేను డిపో గేటు వైపు చూపించాను. అక్కడ అందరూ వరసగా నిలబడి ఉన్నారు, బలరాంతో సహా. రాజీ ఈల ఊదింది. ఒక్కసారిగా చేతులన్నీ లేచాయి. ప్రతి ఖాకీ చొక్కా చంకలో తాజా తడి. పొద్దున్నుంచి నీళ్ళ సీసాలు చేతులు మారుతూనే ఉన్నాయి. అందరికంటే ఎక్కువ తడిసింది రాజీ. ఆమె మందు బ్రహ్మాండంగా పనిచేస్తోంది, అయినా నడుము దాకా పోసుకుంది.

మొండయ్య ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఇగ ఫికర్ లేదు. ఒక్కొక్కలు ఒక్కో జిల్లా పట్టుండ్రి” అన్నాడు.

“మానుకోట నాదన్నా” అంది రాజీ.

“జనగామ నాది” అన్నాను నేను, తడిసిన చంకతో స్టీరింగు పట్టుకుని.

“భూపాలపల్లి నాకుంచుండ్రి మరి.” ఆయన బస్సెక్కి, రాజీ చేతిలోని సీసా అందుకుని, అందరి ముందూ చంకలో పోసుకుని, పైకడ్డీ పట్టుకున్నాడు. వెనకే ఎక్కిన రాజీ గంట తాడు లాగింది. అద్దంలో రెండు చంకలు పక్కపక్కన, వెనక లారీలేవీ కనిపించడం లేదు. నేను గేరు వేశాను.